ఆ మేడమ్ ఒక కోరిక వెలిబుచ్చారు

ఫిబ్రవరి 3, సోమవారం

నా గొంతు ఇంత సన్నగా ఉంటుందని ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. ఇవాళ విచారణ గదిలో స్పీకరు పెట్టి మరీ వినిపించారు.

పోయిన వారం ఆ పెద్ద సరుకు ఓడ రేవులోకి వస్తున్నప్పుడు టవరులో మైకు దగ్గర ఉన్నది నేనే. ఓడ మరీ జోరుగా వస్తోందని కనిపెట్టిందీ నేనే, చెప్పిందీ నేనే. ఏమని చెప్పాను? "గుడాఫ్టర్‌నూన్ కెప్టెన్ సర్. ఇఫ్ నాట్ టూ మచ్ ట్రబుల్, పర్‌హాప్స్ ఎ లిటిల్ స్లో, ప్లీజ్." దానికాయన "థాంక్యూ మేడమ్, వెరీ కైండ్" అన్నాడు. అని, అదే జోరులో వచ్చాడు. ఓడ లేపిన అలకి, రేవు గోడకి రంగు వేయడానికి నీళ్ళ మీద కట్టి ఉన్న తేలుడు బల్ల తాళ్ళు తెంపుకుంది. దాని మీద పెయింటర్లు భోజనాలు చేస్తున్నారు. క్యారియర్లు ఒళ్ళో పెట్టుకుని రేవు ఈ చివర నుంచి ఆ చివరికి ఊరేగారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒకాయన కూర గిన్నె మాత్రం నీళ్ళ పాలయింది.

తర్వాత కెప్టెన్ రాసి పంపిన వివరణ చదివారు. "ఆ మేడమ్ ఒక కోరిక వెలిబుచ్చారు. ఆదేశమేదీ ఇవ్వలేదు." గదిలో సగం మంది నవ్వారు, మిగతా సగం మంది దగ్గారు.

మా పెద్దాయన, అంటే టవరు సూపర్‌వైజరు, నన్ను బయటికి తీసుకువచ్చి తన ధోరణిలో చెప్పారు. నెలాఖరుకు బయటి నుంచి ఒక పరీక్షాధికారి వస్తాడు. నేను మైకు మీద ఎలా మాట్లాడతానో చూస్తాడు. అంతవరకూ నాకు మైకు లేదు. పరీక్ష తప్పితే కింద రికార్డుల సెక్షన్. పరీక్ష వద్దనుకుంటే ముందే, గౌరవంగా, కింద రికార్డుల సెక్షన్. "ఆలోచించి చెప్పమ్మా, తొందరేం లేదు, ఇరవై ఒకటో తారీకు లోపల" అన్నారు.

రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో చెప్పాను. ఈయన "కింద సెక్షన్‌లో షిఫ్టులుండవట కదా" అన్నారు. అత్తయ్య "సాయంత్రానికి ఇంటికొచ్చే ఉద్యోగం ఎంత హాయి" అన్నారు. నేను నవ్వి ఇద్దరికీ కూర వడ్డించాను.

నాకేమీ బాధ లేదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఊరికే కాళ్ళు సాగుతాయని కిందికి వెళ్ళి ఆ సెక్షన్ చూసి వచ్చాను. కిటికీ లేదు. కిటికీ ఉండాల్సిన చోట కిటికీ బొమ్మ ఉన్న క్యాలెండరు తగిలించారు.

బాధ లేదు.

ఫిబ్రవరి 6, గురువారం

నా పక్క కుర్చీ అమ్మాయిని నేను పక్క సీటు అంటాను. తనూ నన్ను అలాగే అంటుంది. నాకంటే చిన్నది. గొంతు విప్పిందంటే గల్లీ చివర కుక్క కూడా కూర్చుంటుంది. ఇవాళ ఖాళీగా ఉన్న గదిలోకి లాక్కెళ్ళి నాకు పాఠం మొదలుపెట్టింది.

"పక్క సీటూ, నీ ప్లీజ్ వల్లే ఆ పెయింటర్లు కొట్టుకుపోయారు."

"మర్యాదగా చెప్పడం తప్పా?"

"ఎవరి మర్యాద? ఆ ఓడలో కెప్టెన్‌ది ఒక దేశం, ఇంజనీరుది ఒక దేశం, చుక్కాని పట్టుకున్నవాడిది ఇంకో దేశం. వాళ్ళందరికీ ఇంగ్లీషు అరువు చొక్కా. నీకూ అంతే, నాకూ అంతే. ఒకడి ఊళ్ళో మెల్లగా అడిగితే ఆజ్ఞ. ఇంకొకడి ఊళ్ళో మెల్లగా అడిగితే కబుర్లు. అందుకే ఎవరి మర్యాద వాళ్ళు ఇంట్లో పెట్టి రావాలి."

పద్ధతి నాకు తెలియనిదేం కాదు. చెప్పబోయేది ఏమిటో ముందు దాని పేరు చెప్పాలి. అది ఆదేశమా, హెచ్చరికా, సలహానా, ప్రశ్నా, జవాబా, విన్నపమా, సమాచారమా, లేక మనం ఏం చేయబోతున్నామో చెప్పే ఉద్దేశమా. పేరు చెప్పాకే విషయం. అప్పుడు ఎదుటివాడు విన్నది విన్నట్టు తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పకపోతే వినలేదనే లెక్క. ఇదంతా ఉన్న చార్టు టవరు గోడ మీద నేను చేరకముందు నుంచీ ఉంది. దాని మీద నేనే ఒక పూల బొమ్మ క్యాలెండరు తగిలించాను. గోడ బోసిగా ఉందని.

ఇవాళ్టి నుంచి నోట్లోంచి వచ్చిన ఒక్కో ప్లీజ్‌కి నేను పక్క సీటుకి ఒక బిస్కెట్ ప్యాకెట్ కొనాలి. సాయంత్రానికి తనకి ఆకలి చచ్చిపోయింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇంట్లో అలవాటు చేసుకుంటే అక్కడ అదే వస్తుందని పక్క సీటు చెప్పింది. పొద్దున్నే మొదలుపెట్టాను.

"ప్రశ్న. టీ తాగుతారా, కాఫీ తాగుతారా?"

ఈయన పేపరు దించారు. "ఏదైనా పర్లేదు."

"అది జవాబు కాదండీ."

"మరేంటి?"

పాపం ఆయన్ని అని లాభం లేదు. కళ్ళద్దాల షాపులో పొద్దస్తమానం మనుషుల కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ "ఇలా బాగుందా, ఇలా బాగుందా" అని అడగడమే పని. ఇంటికొచ్చాక ఎవరేం అడిగినా "రెండూ బాగానే ఉన్నాయి" అంటారు. పెళ్ళికి ముందు నా ఫోటో పక్కన ఇంకో అమ్మాయి ఫోటో పెట్టి చూపించినప్పుడూ అదే అన్నారట. అత్తయ్యే వేలు పెట్టి నన్ను చూపించారు.

ఆ అత్తయ్య ఈ తతంగమంతా గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైన మనిషి. అలికిడి లేకుండా నిలబడటం అక్కడ నేర్చుకున్నదే.

"ఏంటమ్మాయ్ ఇది? ఇంట్లో ఉన్నావా, ఓడలో ఉన్నావా?"

"ప్రాక్టీసు అత్తయ్యా."

"దేనికి? కిందికెళ్ళాక కాయితాలతో మాట్లాడతావా?"

దీనికి నేను నవ్వాను. ఎందుకు నవ్వానో నాకే తెలియదు. నవ్వడం నాకు తేలిక.

ఫిబ్రవరి 12, బుధవారం

అత్తయ్య మధ్య గదిలో నిలబడి కర్టెన్ల వంక చూస్తూ "వీటిని ఉతికి ఎన్నాళ్ళయిందో" అన్నారు.

మామూలుగా అయితే నేను గబుక్కున లేచి వాటిని విప్పడం మొదలుపెట్టేదాన్ని. ఇవాళ కూర్చునే ఉన్నాను.

"అత్తయ్యా, అది ప్రశ్నా, ఆదేశమా?"

"ఏంటి?"

"ప్రశ్నైతే జవాబు చెబుతాను. ఆదేశమైతే లేస్తాను. సమాచారమైతే విని ఊరుకుంటాను."

ఆవిడ మొహం చూడాలి. "మాటన్నాక మాటే. దాని ముందు బోర్డు పెట్టాలా ఏంటి? మా రోజుల్లో కనుబొమ్మ ఎగరేస్తే చాలు, పనులైపోయేవి." విసురుగా లోపలికి వెళ్ళారు. కుక్కరు మూత చప్పుడైంది. కాసేపటికి మళ్ళీ వచ్చారు. ముక్కుసూటిగా నా కళ్ళలోకి చూస్తూ, ఒక్కో ముక్కా నొక్కి పలికారు.

"ఆదేశం. కర్టెన్లు ఉతుకు."

నా ప్రాణం ఎంత తేలికపడిందో రాయలేను. ఇన్నేళ్ళుగా ఆ ఎన్నాళ్ళయిందో, ఎవరు చేస్తారో, ఎప్పటికవుతుందో అనే వాటి మధ్య ఏది ఏమిటో తేల్చుకోలేక చచ్చాను. ఇదైతే రెండే ముక్కలు.

"అందింది. కర్టెన్లు ఉతుకుతాను" అని అప్పజెప్పాను. అత్తయ్య కళ్ళు మెరిశాయి. హాస్టలు రోజులు గుర్తొచ్చినట్టున్నాయి.

సాయంత్రానికి ఆవిడకి ఇది తలకెక్కింది. "హెచ్చరిక. పాలు పొంగుతున్నాయి." "సమాచారం. నీ కొడుకు చెప్పులు మళ్ళీ దారికడ్డం వదిలాడు." ఈయన తప్పు చేసినప్పుడల్లా ఆయన్ని నా కొడుకుని చేసి చెప్పడం ఆవిడకి అలవాటు. ఈయనకి "సలహా. ఆ చొక్కా వద్దు."

నేను మాత్రం ఏం చెప్పినా తిరిగి అప్పజెప్పరు. "సమాచారం. రేపు నీళ్ళు రావు అత్తయ్యా, తిరిగి చెప్పండి" అంటే, "నేనేమన్నా చిలకనా?" అన్నారు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

మా ఆడపడుచు ఫోన్ చేసింది. ఈయన చెల్లెలు, రెండు వీధుల అవతల ఉంటుంది. ఫోన్ ఎత్తగానే ఏడుపు గొంతు.

"వదినా, నీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీట్లేదు. నువ్వు ఒప్పుకున్నావని అమ్మ చెప్పింది. నాకెంత బరువు దిగిపోయిందో!"

"ఏం ఒప్పుకున్నాను?"

ఒప్పుకున్నది ఇదీ. మార్చి మొదటి సోమవారం నుంచి నేను ఆఫీసు నుంచి వస్తూ దాని కవలల్ని స్కూలు నుంచి తీసుకురావాలి. సాయంత్రాలు వాళ్ళు మా ఇంట్లోనే ఉంటారు. ఎందుకంటే నేను కిందికి మారుతున్నాను. ఎందుకంటే ఆ రోజు భోజనాల దగ్గర అందరం అనుకున్నాం. ఎందుకంటే నేను నవ్వి, కూర వడ్డించాను.

"అయ్యో, దానిదేముంది" అని ఫోన్ పెట్టేశాను.

అందరూ అనుకున్నారు అంటే నేను లేనప్పుడు కాదు. నేనక్కడే ఉన్నాను, గరిటె పట్టుకుని.

రేపు చెబుతాను. నేను కిందికి పోవడం లేదని, పరీక్షకి కూర్చుంటానని. తేలికే. ఒక్క ముక్క.

ఫిబ్రవరి 15, శనివారం

ఇవాళ చెప్పలేదు. అత్తయ్యకి తలనొప్పి.

ఫిబ్రవరి 16, ఆదివారం

అత్తయ్యకి తలనొప్పి తగ్గింది. చాలా హుషారుగా ఉన్నారు. పాడుచేయడం ఎందుకని చెప్పలేదు.

ఫిబ్రవరి 17, సోమవారం

ఇవాళ నాకు తలనొప్పి.

ఫిబ్రవరి 20, గురువారం

ఖాళీ గదిలో పక్క సీటు కెప్టెన్‌గా నటించింది. నేను టవరుని. బాగానే మొదలుపెట్టాను. "ఇన్‌స్ట్రక్షన్. రెడ్యూస్ స్పీడ్." అబ్బ, ఎంత బాగుందో వినడానికి. అంతలో తను "వై?" అంది. అంతే, నా వెన్ను వంగిపోయింది. "సారీ కెప్టెన్ సర్, ఓన్లీ బికాజ్, ఇఫ్ యూ డోంట్ మైండ్..."

"ఎవరికి క్షమాపణలు? నేను నీళ్ళలో పెద్ద ఇనప డబ్బాని. నాకు సిగ్గూ లేదు, బాధా లేదు. నన్ను ఆపకపోతే నలుగురి కూర గిన్నెలు పోతాయి."

"గట్టిగా చెబితే పొగరనుకుంటారే."

"ఎవరు, ఓడా?"

 నా భయం ఓడల గురించి కాదని తనకి తెలిసిపోయినట్టుంది. బిస్కెట్ పొట్లం విప్పి నాకే ఒకటి ఇచ్చింది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

చెప్పాల్సిన రోజు. పెద్దాయన పిలిచారు. టేబులు మీది పేపర్‌వెయిట్‌ని అటూ ఇటూ తిప్పుతూ, "కింద చల్లగా ఉంటుందమ్మా" అన్నారు. "కొత్త ఫ్యాను వేయించాం. నీలాంటి నెమ్మదస్తురాలికి..." అని మిగతాది ఫ్యానుకి వదిలేశారు.

నేను తల ఊపబోయాను. నోరు మాత్రం దానంతటదే తెరుచుకుంది.

"ప్రశ్న సార్. అది సలహానా, ఆదేశమా?"

పేపర్‌వెయిట్ ఆగిపోయింది. ఆ చార్టు టవరు గోడకి కొట్టించిందే ఆయన. తప్పించుకోవడానికి దారి లేదు.

"సలహా" అన్నారు చివరికి.

"అందింది. సలహా. ఉద్దేశం, నేను పరీక్షకి కూర్చుంటాను."

ఆయన "అందింది. పరీక్షకి కూర్చుంటావు" అన్నారు. అని తల దించుకుని నవ్వారు. నేను నేరుగా బాత్‌రూముకి వెళ్ళి కుళాయి విప్పి మొహం మూడుసార్లు కడుక్కున్నాను. సంతోషంతోనే అనుకుంటాను.

ఇవాళ ఇంట్లోనూ చెప్పేద్దామని ఊపు మీద వచ్చాను. గుమ్మంలోనే ఈయన చేతులు వెనక పెట్టుకుని నిలబడి ఉన్నారు. షాపులో కూర్చుని తన చేత్తో చేశారట, నాకు కొత్త కళ్ళద్దాలు. సన్న ఫ్రేము, నాకిష్టమైన రంగు.

"కింద అన్నీ చిన్న అక్షరాల కాయితాలేగా, దగ్గర చూపుకి చేశాను. రోజంతా చదివినా కళ్ళు లాగవు."

ఆ మనిషి తనంతట తాను ఒక రంగు ఎంచుకున్నాడు. పెళ్ళయ్యాక ఇదే మొదలు. ఇంకేం చెప్పను?

"చాలా బాగున్నాయండీ" అన్నాను.

ఫిబ్రవరి 24, సోమవారం

ఈయన గుమ్మం దాకా వచ్చి చూస్తారు కనుక కొత్త కళ్ళద్దాలతోనే బయల్దేరాను. టవరు కిటికీలోంచి చూశాను. అక్కడ సముద్రం ఉందని తెలుస్తోంది.

ఫిబ్రవరి 26, బుధవారం

చెప్పలేదు. పరీక్ష తప్పితే ఎలాగూ కిందికే కదా, అప్పుడు చెప్పే పనే ఉండదు. పాసైతే చెబుతాను. ఇది భయం కాదు, ఆలోచన.

ఫిబ్రవరి 28, శుక్రవారం

పరీక్షాధికారి వచ్చాడు. పొడవాటి మనిషి, మంచివాడు, మొహంలోనే మర్యాద. పుట్టినప్పటి నుంచీ ఇంగ్లీషే మాట్లాడుతున్నాడట. అదే చిక్కయింది. పొద్దున్న టవరులో అందరితో ఏదో చెప్పాడు. అందరం తలలూపాం. ఆయన వెళ్ళాక ఏం చెప్పాడని ఒకరినొకరం అడిగాం. మా పెద్దాయన "టీ అడిగాడనుకుంటా" అన్నారు. టీ పంపించాం. తర్వాత తెలిసింది, ఆయన అడిగింది కిటికీ తెరవమని.

రేడియోలో ఏ మూల దేశం కెప్టెన్ మాట్లాడినా నాకు అర్థమవుతుంది. వాళ్ళవీ నావీ అవే నాలుగు మాటలు. ఈ పరీక్షాధికారివి మాత్రం ఒక మాట చెప్పడానికి పది మాటలు.

పరీక్ష ఇదీ. ఆయన పక్క గదిలో కూర్చుని కెప్టెన్‌గా మాట్లాడతాడు. నా ముందు తెర మీద ఆయన ఓడ రేవులోకి వస్తుంటుంది. నేను పాత కళ్ళద్దాలు పెట్టుకున్నాను. పక్క సీటు ఎప్పుడు దూరిందో, తెర అంచున రేవు గోడ ఉన్న చోట చిన్న కాగితం ముక్క అంటించి పోయింది. దాని మీద పెన్నుతో గీసిన మనుషులు, ఒళ్ళో క్యారియర్లు.

రేడియో గరగరలాడింది. "హలో దేర్, లవ్‌లీ మార్నింగ్, ఐ వజ్ జస్ట్ వండరింగ్ వెదర్ వీ మైట్, యూ నో, సార్టాఫ్ పాప్ ఇన్..." అలా పోతూనే ఉంది. వాతావరణం వచ్చింది, వాళ్ళ ఇంజను కథ వచ్చింది, నిరుడు ఇదే రేవులో తిన్న భోజనం వచ్చింది. అసలు విషయం మాత్రం ఒడ్డుకి చేరలేదు. ఓడ మాత్రం చేరుతోంది. నేను మధ్యలో దూరడం బాగుండదని "యెస్ సర్, థాంక్యూ సర్" అంటూ కూర్చున్నాను. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే నేను ఎన్నడూ అడ్డు రాలేదు. తెర మీద ఓడ ముక్కు కాగితం మనుషుల వైపు తిరిగింది.

కూర గిన్నె గుర్తొచ్చింది. ఎవరో ఇల్లాలో, ఆ పెయింటరే స్వయంగానో పొద్దున్నే లేచి వండి ఉంటారు.

నడుము నిటారుగా పెట్టాను. నోట్లోంచి వచ్చిన గొంతు నాది కాదు. మధ్య గదిలో నిలబడి కర్టెన్ల వంక చూసే గొంతు.

"స్టాప్. క్వశ్చన్. వాట్ ఈజ్ యువర్ స్పీడ్?"

"వెల్, ఐ సపోజ్ యూ కుడ్ సే..."

"నంబర్ ఓన్లీ."

 అంకె వచ్చింది.

"ఇన్‌స్ట్రక్షన్. రెడ్యూస్ స్పీడ్ టు సిక్స్. కీప్ క్లియర్ ఆఫ్ ది వాల్. రీడ్ బ్యాక్."

"రైటో, విల్ డూ, స్లోయింగ్ డౌన్ ఎ బిట్..."

"నెగెటివ్. రీడ్ బ్యాక్ ఆల్."

ఈసారి పరీక్షాధికారి మొత్తం అప్పజెప్పాడు. బళ్ళో పిల్లాడిలా, ఒక్కో ముక్కా. ఓడ నెమ్మదించింది. కాగితం మనుషులు ఉన్నచోటే ఉన్నారు, భోజనం చేస్తూ.

పక్క గది తలుపు తెరుచుకుంది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడ్డాడు. ఇక పెద్ద ఉపన్యాసమే అనుకున్నాను. "ఇన్ఫర్మేషన్" అన్నాడు. "యూ పాస్."

పక్క సీటు నన్ను ఎత్తి తిప్పింది. పెద్దాయన తన టీ నాకిచ్చారు. సోమవారం నుంచి నాకు మైకు, మళ్ళీ నా కిటికీ, సాయంత్రం షిఫ్టు.

ఇంటికి వచ్చాక అత్తయ్య "ఏంటమ్మాయ్, మొహం వెలిగిపోతోంది?" అన్నారు.

"ఏం లేదత్తయ్యా, మామూలే" అన్నాను.

నన్ను ఏం చేసినా పాపం లేదు.

మార్చి 1, శనివారం

చెప్పలేదు. ఎవరికీ తలనొప్పి కూడా లేదు.

మార్చి 2, ఆదివారం

 ఇవాళ్టిది వరసగా రాస్తాను.

మా ఆడపడుచు పొద్దున్నే కవలల్తో, వాళ్ళ సంచుల్తో, స్కూలు గేటు పాసుతో దిగింది. రేపటి నుంచి నేనే తీసుకురావాలి కనుక అన్నీ అప్పగించడానికి. టేబులు చుట్టూ అందరూ కూర్చుని నా సాయంత్రాలు పంచుకుంటున్నారు. ఏ గేటు దగ్గర నిలబడాలి, వీడికి పాలు వేడిగా, వాడికి చల్లగా. ఈయన "దగ్గర చూపు అద్దాలున్నాయిగా, హోంవర్కూ చూస్తుంది" అన్నారు. నేను కూరలు తరుగుతున్నాను. అందరూ నాకు థాంక్స్ చెబుతున్నారు.

"అది కాదమ్మా, ఏంటంటే..." అని మొదలుపెట్టాను. ఎవరూ వినలేదు. "ఒకవేళ వీలైతే..." అన్నాను. కవలల్లో ఒకడు మాత్రం చూశాడు. నేను నీళ్ళు నమలడం నాకే వినపడింది, ఆ రోజు స్పీకరులో విన్నట్టే. ఇఫ్ నాట్ టూ మచ్ ట్రబుల్.

కత్తి పక్కన పెట్టి రెండు చేతులూ టేబులు మీద ఆనించాను, టవరులో ఆనించినట్టు.

"అందరూ వినండి. సమాచారం. శుక్రవారం పరీక్ష జరిగింది. నేను పాసయ్యాను."

"ఏం పరీక్ష?" అన్నారు ఈయన.

"సమాచారం ఇంకా అయిపోలేదు. రేపటి నుంచి నాకు సాయంత్రం షిఫ్టు. ఉద్దేశం. నేను కిందికి పోను. ఆ కుర్చీ వదలను. పిల్లల్ని నేను తీసుకురాలేను. తిరిగి చెప్పండి."

 మా ఆడపడుచు చేతిలో గేటు పాసు గాల్లోనే ఉండిపోయింది. ఈయన ఒకసారి అమ్మ వంక, ఒకసారి నా వంక చూశారు. "రెండూ..." అని ఆగిపోయారు. ఆగి, "నువ్వు కిందికి పోవు" అన్నారు. "మరి, ప్రశ్న. ఆ కళ్ళద్దాలు?"

"జవాబు. వాటితో సముద్రం కనపడటం లేదండీ."

లేచి వచ్చి నా ముక్కు మీద నుంచి వాటిని మెల్లగా తీశారు. "దూరానికి మార్చిస్తాను. ఇది... ఏంటది, ఉద్దేశం."

అత్తయ్య లేచి వంటింట్లోకి వెళ్ళారు. ఏ చప్పుడూ లేదు. గిన్నెలు పడేసినా బాగుండేది. ఇక ఈ ఇంట్లో నా పని అయిపోయిందనుకున్నాను. చాలాసేపటికి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ప్రశ్న. ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"జవాబు. మీరు బాధపడతారని అత్తయ్యా."

"సమాచారం. ఇప్పుడూ బాధపడ్డాను. ఇన్నాళ్ళూ మా ముందు నవ్వుతూ తిరిగినందుకు ఇంకాస్త ఎక్కువ పడ్డాను."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఆగలేదు. హాస్టల్లో హాజరు పిలిచినట్టు, ఒక్కో ముక్కా నొక్కి పలికారు.

"అందింది. నువ్వు కిందికి పోవు. ఆ కుర్చీ వదలవు. పిల్లల్ని తీసుకురాలేవు."

ఒక్క మాట పోలేదు. పరీక్షాధికారి కూడా ఇంత శుభ్రంగా అప్పజెప్పలేదు.

"మరి నా పిల్లలెలా అమ్మా?" అంది మా ఆడపడుచు.

అత్తయ్య చీర కొంగు సర్దుకున్నారు. కింద చూశారు, మోకాలి వంక. ఆవిడ ఇలా తటపటాయించడం నేను ఎప్పుడూ చూడలేదు.

"విన్నపం" అన్నారు.

ఆ మాట ఆవిడ నోట ఇంతవరకూ రాలేదు. ఆదేశాలొచ్చాయి, హెచ్చరికలొచ్చాయి, ఒకటీ అరా సలహా వచ్చింది.

"పిల్లల్ని నేను తీసుకొస్తాను. నెమ్మదిగానే నడుస్తాను. రెండు వందల మంది ఆడపిల్లల్ని రోడ్డు దాటించినదాన్ని. మీరెవరూ నన్ను అడగలేదు. ముసలిదయింది, మోకాళ్ళ నొప్పులు అంటారని నేనూ అడగలేదు."

 ఇంతమందిమి ఒకే ఇంట్లో ఇన్నాళ్ళు ఎవరి కూర వాళ్ళకి వడ్డించుకుంటూ కూర్చున్నాం.

నేనే ముందు తేరుకున్నాను. "అందింది అత్తయ్యా. పిల్లల్ని మీరు తీసుకొస్తారు."

కవలలు కూడా అప్పజెప్పారు, ఇద్దరూ ఒకేసారి, అరుస్తూ. అత్తయ్య వెంటనే మామూలు మనిషైపోయారు. "హెచ్చరిక. గేటు దగ్గర నేనొచ్చేదాకా కదిలారంటే చెవులు మెలేస్తాను."

మార్చి 3, సోమవారం

మళ్ళీ నా కుర్చీలో. క్యాలెండరు తీసేసి చార్టు బయటపెట్టాను. గోడ కొంచెం బోసిగానే ఉంది, ఉండనీ.

సాయంత్రం మొదటి ఓడ. గొంతు వినగానే పోల్చుకున్నాను. "గుడీవెనింగ్ మేడమ్" అన్నాడు. ఆ మేడమ్ ఒక కోరిక వెలిబుచ్చారని రాసిన మహానుభావుడే.

"ఇన్‌స్ట్రక్షన్. రెడ్యూస్ స్పీడ్ టు సిక్స్. రీడ్ బ్యాక్."

 తర్వాత "రెడ్యూస్ స్పీడ్ టు సిక్స్" అని బుద్ధిగా వచ్చింది. కిటికీలోంచి చూస్తే ఓడ ముందు నురుగు తగ్గుతోంది. గోడ పక్కన పెయింటర్లు బల్ల కట్టుకుని టీ తాగుతున్నారు. వాళ్ళ గ్లాసులు కూడా తొణకలేదు.

మైకు ఆపాను. ఆపానో లేదో ఇంకోసారి చూసుకుని, కిటికీ వైపు తిరిగి, ఆ కెప్టెన్‌కి వినపడకుండా మెల్లగా "ప్లీజ్" అన్నాను.

పక్క సీటుకి వినపడింది. బిస్కెట్ ప్యాకెట్ కొనాలి.